కొబ్బరి ఈనెల నుంచి కత్తెర దాకా: మా అలల యంత్రం డైరీ

జనవరి 17

సంక్రాంతి సెలవులు ఇంకా అయిపోలేదు. పెరట్లో కూర్చుని మా అమ్మ చీపురు కోసం కొబ్బరి ఈనెలు చీరుతోంది. నేను పక్కన చేరి, తిన్నగా ఉన్నవి చూసి నలభై ఈనెలు లాగేశాను. "ఇదేం పనిరా, చీపురుతో కూడా పాఠం చెబుతావా?" అంది. చెబుదామనే.

తొమ్మిదో తరగతికి ధ్వని పాఠం చెప్పిన ప్రతి ఏడాదీ నా బండి ఒకేచోట దిగబడుతుంది. "తరంగం యానకం గుండా ముందుకి పోతుంది, యానకంలోని కణాలు మాత్రం ఉన్నచోటే కంపిస్తాయి." యానకం అంటే తరంగం నడిచే పదార్థం. చదివిస్తాను, అప్పజెబుతారు, పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు. ఆ తర్వాత వరండాలో నిలబెట్టి "గట్టిగా అరిస్తే కేక తొందరగా చేరుతుందా, మెల్లగా పిలిస్తే ఆలస్యంగా చేరుతుందా?" అని అడిగితే సగంమంది చేతులు లేస్తాయి. తాడు కట్టి ఊపి చూపించానా, అల కంటికి ఆనేలోపే గోడకి తగిలి వెనక్కొచ్చేస్తుంది. అల నింపాదిగా నడవాలి, పిల్లలు దాని పక్కనే నడిచి చూడాలి.

అలా నడిపించే యంత్రం ఒకటి ఉంది. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ షైవ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1950ల్లో తయారుచేశాడు. మధ్యలో ఒక ఉక్కు తీగ, దానికి అడ్డంగా వరసగా ఇనుప కడ్డీలు. ఒక కడ్డీని కిందికి నొక్కి వదిలితే తీగ మెలిపడి పక్క కడ్డీని లాగుతుంది, అది దాని పక్కదాన్ని. ఉక్కు తీగకి కడ్డీలు వెల్డింగ్ చేయించే స్తోమత మా బడికి లేదు. తీగ బదులు టేపు, కడ్డీల బదులు ఈనెలు. ఫిబ్రవరి 28 సైన్సు దినోత్సవానికి నిలబెట్టాలన్నది లెక్క.

జనవరి 18

పార్శిళ్లకి అంటించే బ్రౌన్ టేపు, దాని మీద 5 సెంటీమీటర్లకి ఒక ఈనె. అరుగు మీది రెండు స్తంభాల మధ్య కట్టాను. కట్టీ కట్టగానే ఈనెలన్నీ ఒకవైపుకి వాలి, వానకి తడిసిన కాకిలా వేలాడాయి.

ఈనె మొదట్లో మందం, చివర సన్నం. నేను స్కేలు పెట్టి సరిగ్గా నడిమధ్యన అంటించాను. పొడవుకి అది మధ్యే గానీ బరువుకి కాదు. రెండు చూపుడువేళ్ల మీద ఈనెని అడ్డంగా పెట్టి, వేళ్లని మెల్లగా దగ్గరికి జరిపితే రెండూ కలిసేచోట తూకం కుదురుతుంది. ఏ వేలి మీద భారం ఎక్కువుంటే అక్కడ రాపిడి ఎక్కువై ఆ వేలు ఆగుతుంది, రెండోది జారుతుంది. మళ్లీ ఇది ఆగి అది జారుతుంది. ఎంత ఆదరాబాదరాగా జరిపినా చివరికి తూకం దగ్గరే కలుస్తాయి. నలభైకి అలా గుర్తులు పెట్టి మళ్లీ అంటించేసరికి మధ్యాహ్నం దాటింది. ఈసారి అడ్డంగా నిలబడ్డాయి. కానీ ఒకవైపు పొట్టి, ఒకవైపు పొడుగు. అల పోతుంటే చూడ్డానికి కుంటుతున్నట్టుంది.

అయినా పోయింది! మొదటి ఈనె నొక్కగానే వరసంతా ఒక్కొక్కటీ తల వంచి లేచింది. అమ్మ కూడా చీరడం ఆపి చూసింది.

జనవరి 19

పొద్దున లేచి చూస్తే అంతా నేల మీద. బ్రౌన్ టేపుకి అంచున ఎక్కడో చిన్న గాటు పడినట్టుంది, అక్కణ్నుంచి పర్రున రెండు ముక్కలైంది. ఈనెలు చీపురుకి పోయాయి.

జనవరి 24

టౌనుకి వెళ్లి సామాను తెచ్చాను. కబాబులు గుచ్చే వెదురు పుల్లలు, 30 సెంటీమీటర్లవి, వంద ఉన్న ప్యాకెట్ ఒకటి. గుడ్డ టేపు, 48 మిల్లీమీటర్ల వెడల్పు, రెండు రీళ్లు. హార్డ్‌వేర్ కొట్టులో పాత ఇనుప గిలక ఒకటి.

కిరాణా కొట్టు కాటాకి ఒక్క పుల్ల ఆనదు. అందుకని వందా కట్టగట్టి పెట్టాం, 140 గ్రాములు. అంటే పుల్ల 1.4 గ్రాములు. ఈ చిన్న లెక్కకే తొమ్మిదో తరగతి పిల్లలు నన్ను గొప్పగా చూశారు. చాలా కాలానికి దొరికిన గౌరవం.

బడి అయిపోయాక పని మొదలు. వరండాలో టేపుని జిగురు వైపు పైకి పెట్టి పరిచి, రెండు చివర్లూ నేలకి అంటించి, పక్కన సుద్దతో 5 సెంటీమీటర్లకో గీత. ప్రతి పుల్లకీ 15 దగ్గర పెన్నుతో చుక్క. చుక్క టేపు నడిమధ్యకి రావాలి. 70 పుల్లలు పేర్చాక పైన రెండో టేపు. ఇదే అసలు కష్టం. ఇద్దరు చెరో వైపు బిగబట్టి దించుతుండగా, మధ్యలో వంగి చూస్తున్న పిల్ల జడ దానికి అంటుకుంది. జడ విడిపించడానికి పావుగంట, కొబ్బరినూనె. ఆ చోట టేపు మీద ఇప్పటికీ నూనె మరక, రెండు వెంట్రుకలు ఉన్నాయి. 41వ పుల్ల అది. గుర్తుగా ఉండనీ అన్నాను. ఆ పిల్ల మాత్రం దాన్ని ఎలాగైనా పీకేయాలని చూస్తోంది.

జనవరి 25

బిగించే పద్ధతి మార్చాను. రెండు చివర్లూ స్తంభాలకి కట్టేస్తే ఎంత బిగువుందో మనకి తెలియదు, రోజుకో రకంగా ఉంటుంది. అందుకని ఒక చివర స్తంభానికి కట్టి, రెండో చివరకి పురికొస వేసి, ఆ పురికొసని గిలక మీదుగా కిందికి దించి లీటరు నీళ్ల సీసా వేలాడదీశాం. ఇప్పుడు బిగువు ఎంతంటే సీసా బరువంత, సుమారు 10 న్యూటన్లు. నీళ్లు పెంచితే బిగువు పెరుగుతుంది. పురికొస ఒంటి పోగే కాబట్టి ఆ చివరి పుల్ల ఇష్టమొచ్చినట్టు తిరగగలదు. అది తర్వాత పనికొస్తుంది.

టేపు మధ్యలో జానెడుకి తక్కువగా కిందికి జోగింది. జోగినా పర్వాలేదు, అల దానికేం అడ్డు చెప్పదు.

నొక్కి వదిలాం. వెళ్లింది. మూడున్నర మీటర్ల పొడవునా పుల్లల కొసలు ఒకదాని వెనక ఒకటి లేచి, చివరిదాకా వెళ్లి, తిరిగి వచ్చాయి. వెనక వరసలో ఎవరో "పాకుతోంది సార్" అన్నారు. నిజంగానే జెర్రి పాకినట్టుంది.

పాకేదేంటి? 20వ పుల్లకి ఎర్ర రిబ్బను కట్టాను. "దీన్నే చూడండి, ఇంకేం చూడొద్దు." అల వచ్చింది, రిబ్బను లేచింది, దిగింది, ఉన్నచోటే ఉంది. అల మాత్రం 70 దగ్గరుంది. మూడుసార్లు చేశాక, ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్లాడు, "ఎవరూ కదల్లేదు గానీ కబురు మాత్రం వెళ్లింది" అన్నాడు. పుస్తకంలో నిర్వచనం కంటే నాకు ఇదే బాగుంది.

స్టాఫ్ రూములో ఈ మాట చెబితే మా తెలుగు మాస్టారు నవ్వి, "దీనికి మావాళ్లు ఎప్పుడో పేరు పెట్టారండీ, వీచీతరంగ న్యాయం" అన్నారు. భేరి మోగినచోట పుట్టిన శబ్దమే మన చెవిదాకా రాదు. అది పక్కన ఇంకో శబ్దాన్ని పుట్టిస్తుంది, అది ఇంకోదాన్ని, నీళ్లలో అల అలని పుట్టించినట్టు. అలా మన చెవి దగ్గర పుట్టినదాన్ని మనం వింటాం. తర్కశాస్త్ర పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో ఈ మాట ఉందట. అన్ని వైపులకీ ఒకేసారి పాకుతుందనే వాళ్లు కదంబముకుల న్యాయం అంటారట, కడిమి మొగ్గ చుట్టూ ఒక్కసారే విచ్చుకున్నట్టు. తార్కికులకి శబ్దం ఆకాశపు గుణం, మనకి గాలి కంపనం. అక్కడ దారులు వేరు. కానీ పుల్ల పుల్లని లేపడం చూశాక ఆ పోలిక ఎంత దగ్గరగా వచ్చిందో అనిపించింది.

జనవరి 27

పందెం రోజు. గట్టిగా కొడితే అల తొందరగా పోతుందా?

తరగతిలో 38 మందికి 29 మంది గట్టిగా కొడితేనే అన్నారు. ఫోన్లో స్లో మోషన్ పెట్టాం, సెకనుకి 120 ఫ్రేములు. 6వ పుల్ల కొస పైకి చేరిన ఫ్రేము నుంచి 66వ పుల్ల కొస పైకి చేరిన ఫ్రేము దాకా లెక్క. మధ్యలో 60 సందులు, సరిగ్గా 3 మీటర్లు. మొదటి పుల్లల్ని లెక్కలోకి తీసుకోలేదు, అక్కడ మన చెయ్యి ఉంటుంది కాబట్టి.

అయితే అంకెలు నిలకడగా రాలేదు. ఒకసారి 131, ఒకసారి 122, ఇంకోసారి 138. తప్పు గిలకది. తుప్పు పట్టి పట్టేస్తోంది, సీసా బరువంతా టేపుకి చేరడంలేదు. ఒకడు జేబులోంచి ఫిడ్జెట్ స్పిన్నర్ తీశాడు. బడికి తేకూడదని నేనే రెండుసార్లు లాక్కున్న వస్తువు. దాని బేరింగు ఊడదీసి మేకుకి తగిలించాం. వెన్నలా తిరిగింది. ఇక నుంచి నేను ఆ వస్తువు గురించి మాట్లాడే హక్కు పోగొట్టుకున్నట్టే.

బేరింగు మీద: మెల్లగా నొక్కినప్పుడు 125, 123, 124. గట్టిగా కొట్టినప్పుడు 124, 126, 123. అల మొదటిదానిలో రెండు వేళ్ల ఎత్తు, రెండోదానిలో జానెడు. చేరిన సమయం ఒకటే, సుమారు 124 ఫ్రేములు. సెకనుకి 2.9 మీటర్లు.

29 మందీ నమ్మలేదు. ఫోను లాక్కుని ఎవరి ఫ్రేములు వాళ్లు లెక్కపెట్టుకున్నారు. నమ్మకపోవడం మంచిదే, గంట కొట్టినా కదల్లేదు.

గట్టిగా కొడితే ప్రతి పుల్లా ఎక్కువ దూరం ఊగుతుంది, నిజమే. కానీ టేపు ఎక్కువ మెలిపడింది కాబట్టి పక్క పుల్లని అంతే ఎక్కువ బలంతో లాగుతుంది. రెండూ ఒకే నిష్పత్తిలో పెరిగేసరికి సమయం మారదు. అరిచినా పిలిచినా మామూలు ఎండలో గాలిలో శబ్దం సెకనుకి 340, 350 మీటర్లే పోతుంది. పెళ్లిలో బ్యాండు మేళం దూరాన్నుంచి వింటే డప్పూ సన్నాయీ ఒకదానితో ఒకటి కలిసే వస్తాయి. గట్టిది ముందూ మెత్తనిది వెనకా వస్తే ఆ పాట ఏమైపోవాలి?

జనవరి 31

అయితే వేగం ఎవరి చేతిలో ఉంది? ముందు బిగువు సంగతి చూశాం.

రెండు లీటర్లు వేలాడదీస్తే 124 ఫ్రేములు 89కి దిగాయి. వేగం బిగువు వర్గమూలంతో పెరుగుతుంది, కాబట్టి బిగువు రెట్టింపైతే వేగం 1.41 రెట్లు కావాలి. అంటే 88 రావాలి. ఒక్క ఫ్రేము తేడా. ఆ ఊపులో నాలుగు లీటర్లు పెడదామన్నారు, వేగం సరిగ్గా రెట్టింపు కావాలి కాబట్టి. నేనూ సరే అన్నాను. అనకుండా ఉండాల్సింది. స్తంభం దగ్గర టేపు జారి, సీసాలు దభీమని పడి, వరండా అంతా నీళ్లు, తొమ్మిది పుల్లలు విరిగాయి. నాలుగు లీటర్ల అంకె మా దగ్గర లేదు, ఉండబోదు కూడా.

టేపు ఎందుకు తిన్నబడాలనుకుంటుందో ఉయ్యాలతో చెప్పాను. ఉయ్యాల బల్లని ఒకే తాడుతో వేలాడదీస్తే ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. రెండు తాళ్లు ఎడంగా కడితే మెలితిప్పినా వెనక్కి వచ్చేస్తుంది. బల్ల మీద బరువు ఎక్కువైనకొద్దీ ఇంకా గట్టిగా వస్తుంది. వెడల్పాటి టేపు అంటే పక్కపక్కనే కట్టిన బోలెడు తాళ్లు. బిగువు పెరిగితే తిన్నబడే పట్టుదల అదే లెక్కన పెరుగుతుంది. తాళ్ల ఎడం రెట్టింపైతే పట్టుదల నాలుగు రెట్లవుతుంది. టేపు వెడల్పు, బిగువు, పుల్ల బరువు, పుల్ల పొడవు, సందు, ఈ ఐదూ తెలిస్తే చాలు, అల వేగం చెప్పేయొచ్చు. కాగితం మీద లెక్క వేస్తే లీటరు సీసాకి సెకనుకి 3 మీటర్లు వచ్చింది. మన టేపు 2.9 ఇచ్చింది. ఇంటికి వచ్చి ఆ రెండంకెలూ పక్కపక్కన చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. మా ఆవిడ అన్నానికి రెండుసార్లు పిలిచింది.

ఫిబ్రవరి 3

విరిగినవాటి చోట కొత్త పుల్లలు గుచ్చాం. ఇప్పుడు బరువు సంగతి. 36 నుంచి 70 దాకా పుల్లల రెండు కొసలకీ బరువులు పెట్టాలి. మొదట జెల్లీ బిళ్లలు గుచ్చాం. నాలుగింటిని పిల్లలు తిన్నారు, మిగతావి రాత్రికి రాత్రి చీమలు తిన్నాయి.

తర్వాత రంగు క్లే. 70 ఉండలు, అన్నీ ఒకే బరువు కావాలి. ఒక్కొక్కటీ తూచడం కుదరదు. వంద గ్రాముల క్లేలో సగం తీసుకుని, బల్ల మీద జంతిక పిండిలా పొడుగ్గా పాము చేసి, 70 సమాన ముక్కలు కోశాం. ఒక్కోటి 0.7 గ్రాముల పైచిలుకు, పుల్ల బరువులో సగం.

సగమే అయినా, పెట్టింది కొసన. తిరిగేదాని విషయంలో బరువు ఎంతన్నదొక్కటే కాదు, ఇరుసు నుంచి ఎంత దూరంలో ఉందన్నదీ చూడాలి. దూరం వర్గంతో లెక్క. ఉత్త పుల్లకి ఉన్న జడత్వ భ్రామకం (తిప్పబోతే ఎంత మొరాయిస్తుందో ఆ లెక్క), పుల్ల బరువులో సగం ఉన్న ఉండ చెరో కొసనా పెట్టేసరికి నాలుగు రెట్లవుతుంది. కాబట్టి వేగం సగం కావాలి.

ఒక్కో వైపు 28 సందులు కొలిచాం. ఉత్త పుల్లల మీద 58 ఫ్రేములు. క్లే ఉన్న వైపు 119. సగం కంటే కొంచెం తక్కువ వేగం. ఉండ మధ్యభాగం పుల్ల కొస దాటి అరసెంటీమీటరు బయటికి ఉంది, ఆ కాస్తా లాగేసింది.

36 దగ్గర అల అడుగు మార్చడం కంటికి తెలుస్తుంది. తార్రోడ్డు మీంచి ఇసుకలోకి దిగిన సైకిల్లాగ.

ఫిబ్రవరి 4

నిన్న రాత్రి వీడియో మళ్లీ చూస్తుంటే, 36 దగ్గర్నుంచి ఒక చిన్న అల వెనక్కి రావడం కనిపించింది. తలకిందులుగా! వెళ్లిన అల పైకి లేస్తూ వెళ్తే, తిరిగొచ్చినది కిందికి దిగుతూ వచ్చింది.

ఈరోజు వెనక గళ్ల కాగితం అంటించి కొలిచాం. వెళ్లిన అల 6 సెంటీమీటర్లు. దాటినది 4కి కాస్త తక్కువ. తిరిగొచ్చినది కిందివైపు సుమారు 2. గోడ ఏదీ లేదు, టేపు తెగలేదు. యానకం మారిన చోటే అలకి సగం గోడ.

చివరలు ఎలా ఉంటాయో ముందే చూశాం: 70వ పుల్లని చేత్తో కదలకుండా పట్టుకుంటే అల బోర్లాపడి తిరిగొస్తుంది, వదిలేస్తే నిటారుగా తిరిగొస్తుంది. బరువైన వైపు అంటే కొంచెం పట్టుకున్న చెయ్యి అన్నమాట.

ఇప్పుడు తిరగేశాం. క్లే వైపు నుంచి అల పంపాం. 3 సెంటీమీటర్ల అల 36 దాటగానే 4కి దగ్గరగా అయింది. తరగతి గోల గోల. "సార్, ఎక్కువైంది! శక్తి ఎక్కణ్నుంచి వచ్చింది?" శక్తి పుట్టదు, నశించదు అనే నిత్యత్వ నియమం చదివిన పాపానికి వాళ్లకి నిజంగానే కోపం వచ్చింది. నాకు ఆ కోపం చూసి ఎంత సంతోషమైందో.

శక్తి పెరగలేదు. బరువైన పుల్లలు 3 సెంటీమీటర్లు ఊగడానికి పట్టేంత శక్తి తేలిక పుల్లలకి ఇస్తే అవి ఇంకా ఎక్కువే ఊగుతాయి. ఎద్దు బండి లాగే బలంతో మేకపిల్లని తోసినట్టు. లెక్క వేస్తే ఎటునుంచి పంపినా శక్తిలో తొమ్మిది వంతుల్లో ఎనిమిది దాటుతాయి, ఒక వంతు తిరిగొస్తుంది. ఆ తిరిగొచ్చే వంతు రెండు వైపులా ఒకటే కావడం నాకే ఇప్పటికీ వింతగా ఉంటుంది.

ఫిబ్రవరి 7

తిరిగి రాకుండా చేయగలమా అని అడిగింది జడ పిల్ల. ఉండల్ని ఒక్కసారిగా కాకుండా మెట్లు మెట్లుగా పెట్టాం. 26 దగ్గర మిరియం గింజంత, అక్కణ్నుంచి పెంచుకుంటూ 46కి శనగ గింజంత. వెనక్కొచ్చే అల బాగా తగ్గింది, కనిపెట్టుకుని చూస్తేగానీ కనపడలేదు. వాలు మెత్తగా ఉంటే అలకి తను యానకం మారినట్టే తెలియదు.

స్కానింగ్ తీసేటప్పుడు పొట్ట మీద చల్లగా పూసే జెల్లు సంగతి ఇక్కడ చెప్పాను. యంత్రానికీ చర్మానికీ మధ్య వెంట్రుకవాసి గాలి ఉన్నా చాలు, శబ్దం దాదాపు మొత్తం అక్కడే తిరిగిపోతుంది, గాలికీ ఒంటికీ అంత తేడా. జెల్లు ఆ గాలిని వెళ్లగొడుతుంది. ఆ యంత్రం ముఖానికి కూడా మధ్యరకం పొర ఒకటి ఉంటుంది, మన మిరియాల మెట్టులాంటిదే. "మా అక్కకి పూశారు సార్, అదెందుకో ఇప్పుడు తెలిసింది" అంది ఒకమ్మాయి.

ఫిబ్రవరి 11

ఈరోజు నా తప్పు ఒకటి బయటపడింది.

బోర్డు మీద నేనే రాశాను: వేగం తగ్గే యానకంలోకి వెళ్తే అల చిన్నదవుతుంది. వెనక బెంచీలో సముద్రం ఒడ్డు నుంచి వచ్చే కుర్రాడు ఉన్నాడు. వాళ్ల నాన్న వేటకి వెళ్తాడు. "సార్, మా దగ్గర అలా కాదు. లోతులో కెరటం పడవ కింద నుంచి పోయినా తెలియదు. ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి నెమ్మదిస్తుంది, అప్పుడే ఎత్తవుతుంది" అన్నాడు.

వాడు చెప్పింది నిజం. సునామీ అయితే మరీను. 4,000 మీటర్ల లోతులో గంటకి 700 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోయే అల, 10 మీటర్ల లోతుకి వచ్చేసరికి గంటకి 36 కిలోమీటర్లకి దిగుతుంది. దిగుతూ పెరుగుతుంది. 2004 డిసెంబరు 26 ఉదయం మన తీరానికి వచ్చింది అదే. మరి మా క్లేలో నెమ్మదించిన అల ఎందుకు కుంచించుకుపోయింది?

బోర్డు మీది వాక్యం చెరిపేసి, రేపు చెబుతానన్నాను.

ఫిబ్రవరి 12

రాత్రి కాగితాలు నింపాక తెలిసింది. అలని నెమ్మది చేయడానికి రెండు దారులున్నాయి. పుల్లని బరువు చేయడం ఒకటి. పుల్లకీ పుల్లకీ మధ్య పట్టుని సడలించడం రెండోది. మేము మొదటిదే చేశాం. లోతు తగ్గితే సముద్రంలో సడలేది రెండోది. వేగం ఒకేలా సగమైనా, ఒకదానిలో అల తగ్గాలి, రెండోదానిలో పెరగాలి.

పట్టు సడలించడమంటే టేపు వెడల్పు తగ్గించడం. వెడల్పు సగమైతే పట్టు నాలుగో వంతు, వేగం సగం. అంటే కత్తెర.

ఫిబ్రవరి 14

క్లే అంతా పీకేశాం. 36 నుంచి 70 దాకా ప్రతి సందులోనూ టేపుని అటు 12 మిల్లీమీటర్లు, ఇటు 12 కత్తిరించాలి. మధ్యలో 24 మిగలాలి. నెలరోజులు కష్టపడి కట్టినదాన్ని కత్తిరించడానికి ఎవరికీ చేతులు రాలేదు. చివరికి జడ పిల్ల కత్తెర అందుకుంది. 41 దగ్గర నూనె మరకున్న అంచు మొదట తెగింది. వెంట్రుకలతో సహా.

లీటరు సీసా వేలాడదీశాం. సముద్రం కుర్రాడినే నొక్కమన్నాను.

ఉత్త వైపు 28 సందులు 58 ఫ్రేములు, పాత అంకే. కత్తిరించిన వైపు 112. సగానికి దగ్గర. టేపు తనంతట తాను తిన్నబడే కాస్త బిరుసు మిగిలి ఉంది కాబట్టి సరిగ్గా సగం కాలేదనుకుంటున్నాను. 6 సెంటీమీటర్ల అల 36 దాటాక ఏడున్నర. నెమ్మదించింది, ఎత్తు పెరిగింది. వెనక్కి ఒక చిన్న అల వచ్చింది, ఈసారి నిటారుగా.

కుర్రాడు ఏమీ అనలేదు. మళ్లీ నొక్కాడు. మళ్లీ. ఆరోసారికి నేనే సీసా దించేశాను, టేపు సాగిపోతుందని.

ఫిబ్రవరి 15

28న రెండూ పక్కపక్కనే ఉండాలని తీర్మానం: ఒకటి క్లేది, ఒకటి కత్తెరది. రెండింటినీ ఒకేసారి నొక్కితే రెండు అలలూ కలిసి నడిచి, 36 దగ్గర కలిసే నెమ్మదించి, ఒకటి కుంగాలి, ఒకటి లేవాలి. రెండోదానికి 70 పుల్లలు కావాలి. ప్యాకెట్లో 21 ఉన్నాయి. రేపు టౌనుకి వెళ్లాలి, టేపు రెండు రీళ్లు కూడా. బేరింగు ఇంకొకటి కావాలంటే ఇద్దరు జేబుల్లోంచి తీశారు.